నోరు తెరవండి అత్తయ్యా

"ఆ అనండి."

"ఆ..."

"ఇంకా. నాలుక కిందికి దించండి. నాలుక దించమంటే తల దించుతారేంటి?"

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పెద్దమనిషి పొద్దున్నే వంటింటి గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డాడు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఊరందరికీ బస్సుల వేళలు చెప్పే ఆయన భార్య, మునివేళ్ళ మీద లేచి, టార్చిలైటుతో ఆయన గొంతు లోతులు చూస్తోంది.

"ఎరుపేం లేదు. పళ్ళే ఇంకోసారి తోముకోవాలి."

"ఇప్పుడేగా తోముకున్నాను."

"అందుకే ఇంకోసారి అన్నాను."

కళ్ళజోళ్ళాయన నోరు మూసుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన అన్నిటికంటే బాగా చేసే పని అదే.

రేపు పొద్దున వాళ్ళ కూతురు ఈలపిట్టకి ఆపరేషన్. నిద్రలో ఆ పిల్ల గొంతులోంచి సన్నగా ఈల వస్తుందని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు అది. మొదట్లో అందరికీ నవ్వుగానే ఉండేది. ఈ మధ్య ఆ ఈల మధ్యలో ఆగిపోతోంది. ఆగిన ప్రతిసారీ పెద్దవాళ్ళు ముగ్గురూ పక్కల మీద లేచి కూర్చుంటున్నారు. గొంతులో రెండుపక్కలా టాన్సిల్స్ రేగుపళ్ళంత అయ్యాయని, తీసెయ్యకపోతే పిల్లకి నిద్రలో ఊపిరాడదని పెద్దాసుపత్రి డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

ఇదివరకు రెండుసార్లు తారీకు ఇచ్చారు. రెండుసార్లూ ముందురోజు గొంతునొప్పి, జ్వరం. గొంతు వాచి ఉండగా కత్తి పెట్టలేమంటూ వెనక్కి పంపేశారు. ఈసారి కూడా తప్పిపోతే మళ్ళీ వంతు వచ్చేది వానలు వెలిశాకే. అప్పటిదాకా ఆ ఈల ఎన్నిసార్లు ఆగుతుందో, ఆగిన ప్రతిసారీ మళ్ళీ మొదలవుతుందో లేదో ఎవరు చెప్పగలరు?

"ఇంట్లో ఎవరికో గొంతు బాగుండి ఉండదు. వాళ్ళ దగ్గర్నుంచే పిల్లకి మాటిమాటికీ అంటుకుంటోంది. అందరి గొంతులూ చూసుకోండి," అని కూడా అంది డాక్టరమ్మ. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన భార్య, ఆ ఇంటి కోడలు, ఇంటిని పోలీస్ స్టేషన్ చేసి పారేసింది. చెంచాలు మరిగే నీళ్ళలో గంతులేస్తున్నాయి. గ్లాసులకి రంగు దారాలు కట్టి ఎవరిది వాళ్ళకి పంచేసింది. కళ్ళజోళ్ళాయనది పసుపు దారం. పొరపాటున ఎర్ర దారం గ్లాసులో నీళ్ళు తాగినందుకు నిన్న సాయంత్రమంతా ఆయన దొంగలా తిరిగాడు.

ఈలపిట్ట స్టూలెక్కి నోరు తెరిచింది. కోడలు చాలాసేపు చూసింది.

"నొప్పేమైనా ఉందా?"

పిల్ల అడ్డంగా తలూపి, స్టూలు దిగి, ముందుగదిలోకి తుర్రుమంది.

ఇక మిగిలింది ఒకే ఒక్క గొంతు. ఆ గొంతు ముందుగదిలో, కిటికీ పక్కన, కుట్టుమిషను ముందు, వీళ్ళ వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. అత్తగారు రెడీమేడ్ చొక్కాలకి కాజాలు కుడుతుంది. నోట్లో దారప్పోగు, ఒళ్ళో చొక్కాల కుప్ప. టార్చి వెలుగు గుమ్మందాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"మీ అమ్మగారి గొంతు చూడండి," అంది కోడలు గొంతు తగ్గించి.

"టార్చి నీ చేతిలో ఉందిగా."

"నేనెలా అడుగుతానండీ? ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?"

అదీ నిజమే. పోయిన ఆదివారం నాటి గొడవ ఈ వీధిలో వినని వాళ్ళు లేరు. పిల్ల గొంతులో కత్తి పెట్టనివ్వనని అత్తగారు భీష్మించింది. కత్తి పడితే గొంతే పోతుందని, మాట రాని పిల్లని చేసి కూర్చోబెడతారని ఆవిడ అంటూనే ఉంది. కోడలు విన్నంతసేపు విని, "మీరు నోరు మూసుకుని కూర్చుంటే చాలు అత్తయ్యా, నా పిల్ల దాని పాటికి అది బతుకుతుంది," అనేసింది. కాలు జారితే తీసుకోగలం కానీ నోరు జారితే తీసుకోలేం. మైకు ముందు ఒక్క అక్షరం తడబడని మనిషి, ఇంట్లో ఇంత మాట జారింది.

అత్తగారు అక్షరాలా నోరు మూసుకుంది. ఆ రోజు మూసిన నోరు పెద్దవాళ్ళ ముందు మళ్ళీ తెరవలేదు. నోరు మూసుకోమన్న మనిషే ఇప్పుడు టార్చి పట్టుకుని నోరు తెరవమని ఎలా అడుగుతుంది? మీరైతే అడగగలరా?

పైగా ఆ ఇంట్లో మాటలు మానెయ్యడం కొత్త కాదు. అదొక వంశాచారం. కళ్ళజోళ్ళాయన తండ్రి బతికున్న రోజుల్లో, కుర్చీ ఎక్కడ వెయ్యాలన్న దాని మీద భార్యాభర్తలు ఒక ఎండాకాలమంతా మాట్లాడుకోలేదట. కోడలు వచ్చాక అత్తాకోడళ్ళ మధ్య రాయబారం ఈలపిట్టది. "మీ అమ్మతో చెప్పు, పాలు పొంగుతున్నాయని." "మీ నానమ్మతో చెప్పు, నాకూ కళ్ళున్నాయని." పాలు పొంగిపోయేవి కానీ పంతాలు దిగేవి కావు.

"ఒక్కసారి వెళ్ళి అడగండి. మీకు పుణ్యముంటుంది," అంది కోడలు.

అడకత్తెరలో పోకచెక్క టార్చి అందుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

"అమ్మా, ఒక్కసారి ఆ అను. చిన్న ఆ."

అత్తగారు మిషను చక్రం మీద చెయ్యి వేసి, కొడుకు వైపు ఒక చూపు చూసింది. తల అదోలా ఊపి, మళ్ళీ చొక్కా మీదికి వంగింది. ఆయన వెళ్ళినంత జోరుగానే తిరిగొచ్చాడు.

"బాగానే ఉందిట."

"ఆవిడ చెప్పారా?"

"తలూపింది."

"నిలువుగానా, అడ్డంగానా?"

కళ్ళజోళ్ళాయన ఆలోచించాడు. "వాలుగా," అన్నాడు.

కోడలు టార్చి ఆపేసి డ్యూటీకి తయారవడానికి వెళ్ళిపోయింది. రేపటికి సెలవు దొరకాలంటే ఇవాళ పొద్దుటి పూట చెయ్యక తప్పదు.

* * *

బస్టాండులో అనౌన్సరు గది అంటే మూడువైపులా అద్దాలు, ఒక కుర్చీ, ఒక మైకు, దాని కింద ఒక బటన్. బటన్ నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. ఎర్రదీపం వెలిగినంతసేపూ ఆమె గొంతు అన్ని ప్లాట్‌ఫారాల మీదా వినిపిస్తుంది.

"ప్రయాణికులకు మనవి. పాత వంతెన మీదుగా రేవుకి వెళ్ళే బస్సు నాలుగో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది."

ఆ గొంతు విని ఈమెని చూడటానికి వచ్చినవాళ్ళు నిరాశపడి పోతుంటారు. గొంతుని బట్టి ఎవరో నిండుగా, నిదానంగా ఉండే మనిషిని ఊహించుకుంటారు. ఇక్కడ చూస్తే పెన్సిలంత మనిషి, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, మెడకి మఫ్లరు. గొంతు చెడితే ఆ రోజు ఉద్యోగం చెడ్డట్టే కాబట్టి, చల్లగాలి వీస్తే చాలు మఫ్లరు మెడకి చేరుతుంది. గొంతు విలువ తెలిసిన మనిషి. అత్తగారు కత్తి అనగానే ఆమె అంత మండిపడిందంటే అందుకే. పిల్ల గొంతు పోతుందేమోనన్న భయం ఆమెకీ ఉంది. ఉన్న భయాన్ని ఇంకొకరు పైకి అంటే ఎవరికి నచ్చుతుంది?

రేవు బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సుకి కాస్త టైముంది. ఆమె బల్ల మీద మోచేతులు ఆనించి, అద్దంలో తన నీడతోనే మాట్లాడుకుంది.

"అత్తయ్యా, ఆ రోజు నేనలా అనుండకూడదు." బాగాలేదు. మరీ మెత్తగా ఉంది. "అత్తయ్యా, అన్నది తప్పే, కానీ మీరూ తక్కువ తినలేదు." ఇది అసలు బాగాలేదు. ఆమె నిట్టూర్చింది. "మీ కాళ్ళు పట్టుకుంటాను, పిల్ల కోసం ఒక్కసారి నోరు తెరవండి అత్తయ్యా. ఒక్కసారి తెరిచి మూసేసుకోండి."

బయట ఎవరో పకపకా నవ్వారు. తర్వాత ఇంకెవరో నవ్వారు. ఆమె తల దించి చూస్తే మోచెయ్యి బటన్ మీద ఉంది. ఎర్రదీపం నిండుగా వెలుగుతోంది.

మోచెయ్యి తీసేసరికే తలుపు తోసుకుని బస్టాండు కంట్రోలరు వచ్చింది. ఉద్యోగంలో తల నెరిసిన మనిషి, కోప్పడ్డా కొట్టినట్టుండదు.

"ఏ బస్సమ్మా అది? రెండో ప్లాట్‌ఫారం మీద అత్తలందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు."

"తప్పయిపోయిందండీ. చూసుకోలేదు."

"ఊరందరికీ చెప్పావు. ఆవిడకొక్కదానికీ చెప్పలేదు. ఇంటికి ఫోన్ చెయ్యి." అని తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

ఫోన్ ఈలపిట్ట ఎత్తింది.

"ఏం చేస్తున్నావే?"

"బొమ్మేస్తున్నా."

"నానమ్మ?"

"కాజాలు కుడుతోంది. కాదు, కుట్టట్లేదు. మిషను మీద తల పెట్టుకుంది."

"పాలు తాగారా?"

"లేదు. నిన్న కూడా తాగలేదు, నువ్వు వెళ్ళాక పారబోసింది. అమ్మా, నానమ్మ ఉమ్మి మింగట్లేదు. తువ్వాలుతో తుడుచుకుంటోంది."

కోడలు కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఎందుకని అడిగావా?"

"అడిగితే చెప్తేగా. నిన్నట్నించి నాతో కూడా మాట్లాడట్లేదు."

"నీతో కూడానా?"

"ఊఁ. నేనేం చెయ్యలేదు మరి."

ఆ ఇంటి అలకలకి ఎన్ని వంకర్లున్నా ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మీద ఎవరికి కోపమొచ్చినా ఆ కోపం పిల్లదాకా రాదు. మొగుడితో ఒక ఎండాకాలం మాట్లాడని ఆ మనిషి, మనవరాలితో ఒక్క పూట మాట్లాడకుండా ఉండలేదు.

"నానమ్మకివ్వు ఫోను."

కుర్చీ జరిగిన చప్పుడు. ఊపిరి చప్పుడు. అంతే.

"అత్తయ్యా, నేను. ఏదో ఒక మాట అనండి. పోనీ తిట్టండి."

చాలాసేపటికి వచ్చింది జవాబు. "పని... చూసుకో."

మాట కోపంగా లేదు. వేడివేడిది నోట్లో పెట్టుకుని మింగలేక కక్కలేక అన్నట్టుంది. నాలుక తిరగట్లేదు. పెదవులు తెరుచుకోవట్లేదు. రోజూ గొంతుతో బతికే మనిషికి ఆ మాత్రం తెలియడానికి టార్చి అక్కర్లేదు.

"మేడమ్, ఈ పూటకి మైకు మీరు చూడాలి," అంది కోడలు. కంట్రోలరు అప్పటికే కుర్చీ లాక్కుంటోంది.

* * *

కోడలు ఇంట్లోకి వచ్చి చెప్పులు కూడా విడవలేదు. అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ మొహం పక్కకి తిప్పుకోబోయింది కానీ మెడ తిరగలేదు. ఒక దవడ కింద వాపు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. పొద్దున ఆ పక్క గోడ వైపు ఉంది.

"నోరు తెరవండి అత్తయ్యా."

అన్నిసార్లు అద్దం ముందు వల్లించిన మాట. తీరా అనాల్సి వచ్చినప్పుడు ఆమెకి సిగ్గు గుర్తు రాలేదు, పంతం గుర్తు రాలేదు.

అత్తగారు ప్రయత్నించింది. పెదవుల మధ్య వేలు పట్టేంత సందు వచ్చింది. అంతకు మించి దవడ దిగలేదు. కళ్ళలోంచి నీళ్ళు దిగాయి. ఆవిడ చెవి పట్టుకుని చూపించింది, నొప్పి అక్కడిదాకా పాకిందని.

"ఎప్పట్నించి?"

అత్తగారు వేళ్ళు మడిచి చూపించింది.

"ఆదివారం నుంచేనా?"

అత్తగారు రెప్పలు వాల్చింది.

"అంటే, నేనా మాట అన్నప్పటికే మీకు నొప్పి ఉందా?"

ఆవిడ చెయ్యి ఊపింది. పోనీలే అన్నట్టుగా ఉంది ఆ ఊపు. కోడలికి తన మీద తనకే అసహ్యమేసింది. నొప్పితో మింగలేకపోతున్న మనిషిని నోరు మూసుకోమంది. మూసుకుంటే, అలిగిందనుకుని ఊరుకుంది. రోజూ పొద్దున్నే ఇంటిల్లిపాది గొంతులూ చూసి, ఈ ఒక్క గొంతూ వదిలేసింది.

"చెప్పచ్చు కదా అత్తయ్యా. నాతో కాకపోతే మీ అబ్బాయితో. సైగైనా చెయ్యచ్చు కదా."

అత్తగారు చొక్కా చేతిలోకి తీసుకుని కాజా వెతుక్కుంది. చెప్పకపోవడానికి కారణం ఏదో ఉంది. అది ఆవిడ కళ్ళలో కనిపిస్తోంది. గొంతు దాటి రావట్లేదు.

కబురందుకుని కళ్ళజోళ్ళాయన పరుగున వచ్చాడు. చొక్కా చేతులకి అద్దాల పొడి ఇంకా అంటుకునే ఉంది. గుమ్మంలో ఆగి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మళ్ళీ గొడవా?"

"గొడవ కాదు, గడ్డ. గొంతులో. ఆటో పిలవండి."

"పొద్దున బాగానే ఉందని..."

"మీరు చూసింది తల. గొంతు కాదు."

పిల్లని ఎవరి దగ్గరా వదిలే వీలు లేదు. ఆటోలో అత్తగారికి ఒక పక్క కోడలు, ఒక పక్క ఈలపిట్ట. కళ్ళజోళ్ళాయన డ్రైవరు పక్కన ఒక తొడ మీద కూర్చున్నాడు. ఒక కుదుపుకి అత్తగారు మూలిగితే, కోడలు ఆవిడ తల తన భుజానికి ఆనించుకుంది. ఆవిడ కాదనలేదు.

* * *

పెద్దాసుపత్రిలో తెర వెనక ఏం జరిగిందో కోడలికే తెలుసు, చేతులు పట్టుకున్నది ఆమె కాబట్టి. మత్తుమందు చల్లారు, సూది గుచ్చారు, చీము తీశారు. తెర బయట కళ్ళజోళ్ళాయన ఈలపిట్ట చెవులు మూసి, తన చెవులు మూసుకోవడానికి చేతులు చాలక నిలబడ్డాడు.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. మనిషి గట్టిదే, మాట కూడా గట్టిదే.

"టాన్సిల్ పక్కన చీముగడ్డ. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి దారి మూసుకుపోయేది. ఇన్నాళ్ళు ఆవిడ తినకుండా, మాట్లాడకుండా ఉంటే ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

కళ్ళజోళ్ళాయన బుర్ర గోక్కున్నాడు. "మా ఇంట్లో మాట్లాడకపోవడం మామూలేనండి."

డాక్టరమ్మ ఆయన్ని ఒక రకంగా చూసి కోడలి వైపు తిరిగింది. "సమయానికి తెచ్చారు. మందులు పూర్తిగా వాడాలి. తగ్గింది కదా అని మధ్యలో ఆపెయ్యకూడదు. ఇవాళంతా మాటలొద్దు. ఏం కావాలన్నా సైగ చెయ్యమనండి."

తెర తీశారు. మంచం మీద అత్తగారు కాస్త తేరుకుని కూర్చుంది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది కానీ కళ్ళలో ఆ బిగువు పోయింది. ఈలపిట్ట పరుగెత్తి మంచం ఎక్కి ఆవిడకి అతుక్కుపోయింది.

"నువ్వు రేపు నా దగ్గరికి రావలసిన పిల్లవి కదూ?" డాక్టరమ్మ టార్చి మళ్ళీ తీసింది. "వచ్చావుగా, ఇటు తిరుగు. ఆ అను."

కోడలు ఊపిరి బిగబట్టింది. డాక్టరమ్మ అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. మెడ పక్కల నొక్కి చూసింది. జ్వరం చూసింది.

"జ్వరం లేదు. ఎరుపైతే ఉంది. ఈ పిల్ల గొంతు ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది, ఇది పాతదో కొత్తదో చూసి చెప్పడం కష్టం. నానమ్మ పక్కలోనేనా పడుకునేది?"

"అవునండీ," అంది కోడలు నీరసంగా.

"అయితే పిల్లే చెప్పాలి. ఏరా బంగారం, మింగితే నొప్పిగా ఉందా?"

ఈలపిట్ట నానమ్మ మొహంలోకి చూసింది. తర్వాత అమ్మ మొహంలోకి చూసింది. అడ్డంగా తలూపింది.

"నిజంగా?"

"నిజంగా."

కోడలు బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆ గదిలో ఆ క్షణాన ఆమె అంత తేలికపడ్డ మనిషి లేదు. వానలు వెలిసేదాకా ఆగక్కర్లేదు. పిల్ల పక్కన కూర్చుని ఈల ఆగిందా, మొదలైందా అని చెవులు రిక్కించక్కర్లేదు. కళ్ళజోళ్ళాయన అయితే గట్టిగా నవ్వేశాడు కూడా.

"మంచిది. రేపు పొద్దున ఖాళీ కడుపుతో తీసుకురండి," అంది డాక్టరమ్మ.

"అబద్ధం."

అందరూ మంచం వైపు తిరిగారు. అత్తగారు నోటి మీది గుడ్డ తీసేసింది.

"అబద్ధం చెప్తోంది. దానికి... నొప్పుంది."

కళ్ళజోళ్ళాయన మొహం మాడిపోయింది. ఎన్నడూ తల్లి ముందు గొంతెత్తని మనిషి, అందరి ముందూ ఎత్తాడు. "ఏంటమ్మా ఇది? నీ కోడలు నిన్ను చేతుల్లో పెట్టుకుని తీసుకొచ్చింది. ఇంత జరిగాక కూడా ఆపరేషన్ ఎలా ఆపాలా అనే చూస్తున్నావా?"

కోడలు ఆయన్ని వారించలేదు. వారించాల్సింది. కానీ ఆమెకీ సరిగ్గా అదే అనుమానం వచ్చింది. అత్తగారి భుజం మీద వేసిన చెయ్యి తనకి తెలియకుండానే వెనక్కి తీసుకుంది.

అత్తగారు ఆ చెయ్యి వెళ్ళిపోవడం గమనించింది. అయినా ఆగలేదు. "రాత్రి నీళ్ళు... మింగలేక ఏడిచింది. దిండు కొరుక్కుంది. నేను చూశాను."

"చూస్తే పొద్దున ఎందుకు చెప్పలేదు మరి?" అన్నాడు కొడుకు.

ఆ ప్రశ్నకి జవాబు ఈలపిట్ట చెప్పింది. మంచం మీద మోకాళ్ళ మీద లేచి నిలబడి, నానమ్మ మోసం చేసిందన్నట్టు బావురుమంది.

"నువ్వే కదా నానమ్మా చెప్పొద్దన్నావ్? మొన్న రాత్రి నా ఈల ఆగి నేను లేచినప్పుడు నా చెవిలో చెప్పావుగా. నొప్పుందంటే మళ్ళీ ఆపేస్తారు, మళ్ళీ నీకు నిద్రలో ఊపిరాడదు, ఒక్క రెండ్రోజులు ఓర్చుకో, నేను కూడా నీతోపాటే ఓర్చుకుంటున్నాను అన్నావుగా. నేను ఓర్చుకున్నానుగా. నువ్వెందుకు చెప్పేశావ్?"

అత్తగారు తన గొంతు తాకి చూపించి, దాచుకుంటే ఇలా అవుతుందన్నట్టు చెయ్యి ఊపింది. కళ్ళజోళ్ళాయన తెర కర్ర పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ పిల్లని దగ్గరికి తీసుకుని మరోసారి నోట్లోకి చూసింది. ఈసారి ఎక్కువసేపు చూడలేదు.

"రేపు కుదరదు," అంది మెల్లగా. "నానమ్మ చెప్పడం నయమైంది. ఈ స్థితిలో మత్తిచ్చి ఉంటే పిల్లకి చాలా ప్రమాదం."

కోడలు ఆ మాట విందో లేదో తెలియదు. ఆమె అత్తగారి వైపే చూస్తోంది. తన గొంతులో గడ్డ పెట్టుకుని ఇన్ని రోజులు ఈ మనిషి మింగింది కోపం కాదు. తన నొప్పి బయటపడితే ఆపరేషన్ ఆగిపోతుందనే దాచింది. ఆదివారం నాడు కత్తి పెట్టనివ్వనని వీధంతా వినిపించేలా అరిచింది కూడా ఈ మనిషే.

"మీకు ఇష్టం లేదన్నారు కదా అత్తయ్యా," అంది కోడలు. మైకు ముందు ఎన్నడూ వణకని గొంతు వణికింది. "వద్దన్నారు కదా. నాకెందుకు చెప్పలేదు?"

అత్తగారు చెయ్యి చాపింది. కోడలి మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఎన్నాళ్ళుగానో చెప్పాలనుకుంటున్నది చెప్పబోతున్నట్టు పెదవులు తెరిచింది.

డాక్టరమ్మ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఇవాళంతా మాటలొద్దని చెప్పానా లేదా?"